ఇది ఏ గాలి?

(రాయగడలో జరిగిన తెలుగు విశ్వాసుల కూడికలో, ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరైన ఒక సంఘపెద్ద చేసిన ప్రసంగం. రికార్డు విని రాసినది. కరెంటు పోయినప్పుడు మైకు లేకుండా మాట్లాడిన కొన్ని మాటలు సరిగా వినబడలేదు, వాటిని వదిలేశాం.)

అందరికీ ప్రభువు పేరట వందనాలు. వెనకాల నిలబడ్డ తమ్ముళ్లు ముందుకొచ్చి కూర్చోండి, చాప ఖాళీగానే ఉంది. గుణుపురం నుంచి వచ్చినవాళ్లు బస్సు టైము చూసుకుంటున్నారని నాకు తెలుసు. నేనూ అదే బస్సుకి వెళ్లాలి, భయపడకండి.

నన్ను ఆత్మల వివేచన అనే వరం గురించి మాట్లాడమన్నారు. ఆ సంగతి ఇంట్లో చెబితే మా ఆవిడ నవ్వింది. "సంతకు పంపితే పుచ్చు వంకాయలు ఏరుకొస్తారు, మీరు ఆత్మల్ని ఏరుతారా?" అంది. ఆవిడ మాటలో అబద్ధం లేదు. నేను పాస్టరు అయ్యగారిని కాను, బైబిలు కాలేజీ గుమ్మం తొక్కలేదు. ముప్పయ్యారేళ్లు మైక్రోస్కోపులో కన్నుపెట్టి జనం రక్తం చూశాను. వివేచన గురించి నాకు తెలిసిన కాస్తా అక్కడ నేర్చుకున్నదే. కాబట్టి ఇది ప్రసంగం అనుకోకండి, ఒక ల్యాబువాడి సాక్ష్యం అనుకోండి.

మన వైపు ఒక మాటుంది. మనిషికి ఉన్నట్టుండి వణుకొచ్చి, కళ్లు తేలేసి, ఏదేదో మాట్లాడితే "గాలి సోకింది" అంటాం. ఇటలీవాళ్లూ అదే అన్నారు. మలేరియా అనే పేరుకి వాళ్ల భాషలో అర్థం చెడ్డ గాలి. చిత్తడి నేలల మీంచి వచ్చే గాలి పీల్చడంవల్లే ఈ జ్వరం వస్తుందని వందల ఏళ్లు నమ్మారు. రొనాల్డ్ రాస్ అనే డాక్టరు మన సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో ఆ క్రిమిని చూసిన తరవాతే గాలి మీద నింద పోయింది. పాపం, గాలి తప్పేం లేదు. కుట్టింది దోమ.

బైబిల్లో ఆత్మ అన్నచోట హెబ్రీలో ఉండే మాట రూఆహ్, గ్రీకులో న్యూమా. రెంటికీ గాలి అనీ, ఊపిరి అనీ కూడా అర్థం. అందుకే ప్రభువు నికొదేముతో, "గాలి తన కిష్టమైన చోటను విసరును, నీవు దాని శబ్దము విందువే గాని అది యెక్కడనుండి వచ్చునో యెక్కడికి పోవునో నీకు తెలియదు" అన్నాడు. చప్పుడు అందరికీ వినబడుతుంది. ఎక్కడినుంచి వచ్చిందన్నదే చిక్కు. ఇది ఏ గాలి అని అడగడమే వివేచన.

ఆ మాటకి మూలం కూడా ఒక్కసారి చూడండి. వివేచన సంస్కృతం మాట, దాని ధాతువుకి చెరగడం, వేరుచెయ్యడం అని అర్థం. మొదటి కొరింథీ 12లో పౌలు రాసిన గ్రీకు మాట దియాక్రిసిస్. అదీ విడదీయడమే. అమ్మలకి దీన్ని వివరించక్కర్లేదు. చేట పట్టుకుని చెరిగితే నూక ఒకవైపు, ఊక ఒకవైపు. కళ్లంలో తూర్పారబట్టేటప్పుడు గాలి ఉండాలి. గాలి లేని రోజు రైతు చేట పట్టుకుని ఎంతసేపు నిలబడ్డా గింజ వేరుపడదు. వరం అన్నది అందుకే. చేట పట్టుకోవడం మన వంతు, గాలి మాత్రం పైనించి రావాలి.

ఇక నా సామానుకి వస్తాను. మలేరియా చూడాలంటే వేలు పొడిచి ఒకే గాజు స్లైడు మీద రెండు పూతలు వేస్తాం, ఒకటి మందంగా, ఒకటి పల్చగా. మందపు పూతలో రక్తం ఎక్కువుంటుంది, క్రిమి ఉందో లేదో అందులో తొందరగా దొరుకుతుంది. ఏ జాతిదో చెప్పాలంటే పల్చటి పూతలో చూడాలి. రంగు వేసి, నూనె చుక్క పెట్టి కన్ను ఆనిస్తే, ఎర్రకణం లోపల సన్నటి నీలం ఉంగరం కనబడుతుంది, ఉంగరానికి ఒకపక్క ఎర్రరాయి పొదిగినట్టు చుక్క. ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను. మనిషిని చంపేది అంత అందంగా ఉండటం నన్ను మొదట్లో భయపెట్టింది. సాతాను వేసే వెలుగుదూత వేషం గురించి పౌలు రాసింది నాకు అర్థమైంది అక్కడే.

కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి ప్రతి స్లైడులోనూ మలేరియానే కనబడుతుంది. రంగు సరిగా వడకట్టకపోతే అందులోని నలకలు చుక్కల్లా పేరుకుంటాయి, అదీ క్రిమే అంటాడు. ప్లేట్‌లెట్టు ఒకటి ఎర్రకణం మీద కూర్చుంటే అదీ క్రిమే అంటాడు. నేనూ అంతే. మొదటి నెల్లో నేను "ఉంది" అని రాసిన స్లైడుల్ని మా సీనియరు మళ్లీ చూసి, ఏమీ అనకుండా కలంతో కొట్టేసేవాడు. సంఘంలోనూ ఇలాంటి కొత్త కుర్రాళ్లుంటారు. వరం వచ్చిందని ఎవరో చెప్పిన వారంలోనే ఎదురింటి పిన్నిలో ఒక దయ్యం, ట్యూషన్ మాస్టారిలో ఒకటి, గిటారు వాయించే అబ్బాయిలో రెండు కనబడతాయి.

రెండో రకం వాళ్లూ ఉన్నారు. పని అలవాటైపోయి, కన్ను పైపైన తిప్పి "లేదు" అని రాసేసేవాళ్లు. మైక్రోస్కోపులో ఒక్కసారికి కనబడే మేరని ఫీల్డు అంటాం. మందపు పూతలో వంద ఫీల్డులు చూడనిదే లేదని రాయకూడదు, అది రూలు. ఒక శనివారం సాయంత్రం, నేను పేరు మర్చిపోని ఒక పిల్లాడి స్లైడు నలభై ఫీల్డుల దగ్గర ఆపేసి లేదని రాశాను. ఇంట్లో చుట్టాలున్నారు, అదీ కారణం. సోమవారం వాణ్ని వాళ్ల నాన్న భుజం మీద వేసుకుని మళ్లీ తెచ్చాడు. బతికాడులెండి. కానీ ఆ తండ్రి నన్నేమీ అనలేదు, చీటీ చేతికిచ్చి బెంచీమీద కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో ఈ రెండు రకాలవాళ్లకీ కలిపి చెప్పాడు: "ఆత్మను ఆర్పకుడి. ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి. సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి." మనలో సగంమంది మొదటి వాక్యం గోడమీద రాయించుకుంటారు, మిగతా సగం మూడోది. మధ్యలో ఆపకుండా చదివేవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఫిలిప్పీకి వెళ్దాం, అపొస్తలుల కార్యములు 16. సోదె చెప్పే ఒక చిన్నది, దాసి, పౌలు వెంటపడి అరుస్తోంది. ఏమని? "ఈ మనుష్యులు సర్వోన్నతుడైన దేవుని దాసులు, వీరు మీకు రక్షణ మార్గము ప్రచురించువారై యున్నారు." ఇందులో తప్పు మాట చూపించండి. ఒక్కటి లేదు. మన సభల్లో ఎవరైనా ఇలా అరిస్తే మైకు చేతికిచ్చి ఇంకోసారి చెప్పమంటాం. అయినా పౌలు వ్యాకులపడ్డాడు. అదీ మొదటి రోజే కాదు, "అనేక దినములు" అని రాసుంది. అన్ని రోజులు ఎందుకు ఆగాడో ఆ పుస్తకం రాసిన లూకా చెప్పలేదు. నా మటుకు నేను అనుకునేది, మాట నిజమే గనక ఆత్మను పట్టుకోడానికి ఆయనకీ టైము పట్టింది. మాట నిజమైతే మాట్లాడించే ఆత్మ కూడా మంచిదే అవ్వాలని లేదు. ఇది మింగడం కష్టం.

ఇంకో సంగతి దాని ముందు వచనంలోనే ఉంది, మనం దాటేస్తాం. ఆ పిల్ల సోదె వల్ల "తన యజమానులకు బహు లాభము" వస్తోంది. దయ్యం వెళ్లిపోయాక గోలపెట్టింది దయ్యం కాదు, యజమానులు. తమ లాభసాధనం పోయిందని పౌలునీ సీలనీ కొట్టించి జైల్లో వేయించారు. కాబట్టి ఏదైనా గొంతు వింటే, ఆ గొంతువల్ల డబ్బు ఎవరి జేబులోకి వెళ్తోందో చూడండి. ఇదీ పరీక్షలో భాగమే, అవిశ్వాసం కాదు.

సవర అన్నదమ్ములు ఇక్కడ చాలామంది ఉన్నారు, నేను తప్పు చెబితే దిద్దండి. మీ తాతల కాలంలో కుడన్ అనే పూజారి మీదికి చనిపోయినవాళ్లు వచ్చి మాట్లాడేవారు. మనం ఆ దారి వదిలి వచ్చాం, మంచిదే. కానీ ఆ ముసలాళ్లు వచ్చిన గొంతును ఊరికే నమ్మేవారు కాదు. చుట్టూ కూర్చుని నువ్వెవరు, ఎలా పోయావు, ఇప్పుడెందుకొచ్చావు అని వాదించేవారు, దెబ్బలాడేవారు. ఇప్పుడు మనం "ప్రభువు నాతో చెప్పాడు" అని ఎవరన్నా అనగానే నోళ్లు మూసుకుని తలలూపుతున్నాం. "ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాటలాడవచ్చును, తక్కినవారు వివేచింపవలెను" అని కొరింథీ సంఘానికి రాశాడు కదా. తక్కినవారు అంటే మీరే. చాపలమీద కూర్చున్నవాళ్లు.

ఒక రాత్రి సంగతి చెప్తాను. తొంభైల్లో, వానాకాలం. వంశధార ఒడ్డు దాకా నీళ్లున్నాయి. రాత్రి పదింటికి కొండమీంచి ఒక జీపు వచ్చింది. అందులో కొత్తగా పెళ్లైన ఆడపిల్ల, పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి. తువ్వాలుతో చేతులు కట్టేసి ఉన్నాయి. అత్తగారు నా కాళ్లమీద పడింది. "చచ్చిపోయిన నా పెద్దకోడలు దీన్ని పట్టుకున్నాది బావూ. గొంతు మారిపోయింది. నా చెయ్యి కొరికేసింది, ఇదిగో సూడు" అని చూపించింది. పళ్లగాట్లు నిజంగానే ఉన్నాయి. అప్పటికి మూడు రాత్రులు ఒక ప్రార్థనా కూటంలో కూర్చోబెట్టారట. దయ్యాన్ని ఎండగట్టాలని అన్నం, నీళ్లు ఆపేశారు. ఆ కూటం నడిపే అయ్యగారూ జీపులోనే వచ్చారు, బైబిలు పట్టుకుని. మనిషి మోసగాడు కాడు, ఆ సంగతి ముందే చెప్తున్నాను. మూడు రాత్రులు ఆయనా నిద్రపోలేదు, గొంతు పోయింది. "ఇది రక్తపరీక్షకి లొంగేది కాదు తమ్ముడూ, ఇంకొక్క గంట ప్రార్థన చేస్తే వదిలేస్తుంది" అన్నారు.

నేను వాదించలేదు. "అయ్యా, మీరు ప్రార్థన చేస్తూనే ఉండండి, నాకు ఆ అమ్మాయి వేలు ఒక్కటి ఇప్పించండి" అన్నాను. కరెంటు లేదు. మా మైక్రోస్కోపుకి కింద అద్దం ఉండేది, పెట్రోమాక్స్ దాని ముందు పెట్టి వెలుతురు తిప్పుకున్నాను. బయట వరండాలో ఆయన స్తుతులు, లోపల పెట్రోమాక్స్ బుసలు. కన్ను ఆనించాను. వంద ఫీల్డులు అక్కర్లేదు, మొదటి ఫీల్డులోనే ఉంగరాలు, ఒక్కో కణంలో రెండేసి. ఫాల్సిపారం, మలేరియాల్లోకెల్లా ప్రాణం తీసే జాతి. మెదడుకెక్కింది. డాక్టరమ్మ గ్లూకోజు బాటిల్లో క్వినైన్ కలిపి ఎక్కించింది. ఈ జబ్బులో రక్తంలో చక్కెర పడిపోతుంది, క్వినైన్ ఇంకా కిందికి లాగుతుంది, అందుకే గ్లూకోజులో ఇస్తారు. ఇప్పుడు ఆలోచించండి, ఆ పిల్లని మూడు రోజులు పస్తు పెట్టారు. దయ్యాన్ని ఎండగడుతున్నామనుకుని దేన్ని ఎండగట్టారు?

మూడోరోజు పొద్దున కళ్లు తెరిచి చోడి అంబలి అడిగింది. అత్తగారి చేతిమీద కట్టు చూసి, "ఏటయిందత్తా?" అంది.

క్వినైన్ మాట వచ్చింది కాబట్టి, పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు గుర్తొస్తున్నారు. సవర భాష నేర్చుకోడానికి ఈ కొండల్లో తిరిగి తిరిగి, మలేరియా పట్టి, క్వినైన్ ఎక్కువగా వాడి వినికిడి పోగొట్టుకున్నారు. ఎదుటివాడి మాట వినడంకోసం చెవులు పోగొట్టుకున్న మనిషి. మనం చెవులుండీ, పక్క ఊరివాడు తన భాషలో ఏం చెబుతున్నాడో వినకుండా "వాడిలో ఏదో ఉంది" అంటాం. సరే, అది వేరే కథ.

అయితే దయ్యాలు లేవంటావా, అన్నీ జబ్బులేనా అని మీలో కొందరు కళ్లతోనే అడుగుతున్నారు. లేదు, నేనలా అనను. మత్తయి 4:24 తీయండి. "నానావిధములైన రోగములచేతను వేదనలచేతను పీడింపబడిన" వారిని, దయ్యముపట్టినవారిని, చాంద్రరోగులను, పక్షవాయువుగలవారిని తెచ్చారని రాసుంది. మత్తయి పన్ను వసూలు చేసినవాడు కదా, లెక్క విడివిడిగా రాశాడు. అన్నిటినీ ఒక సంచిలో వెయ్యలేదు. తిమోతికి తరచూ కడుపులో బాగుండేది కాదు. ఫిలిప్పీలో దయ్యాన్ని ఒక్క మాటతో వెళ్లగొట్టిన అదే పౌలు, తిమోతికి కడుపు దయ్యం పట్టిందనలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. వరం ఉన్నవాడు ఎక్కడ వాడకూడదో కూడా తెలిసినవాడు. నా అనుభవంలో ఆ రెండోదే కష్టం.

ఇక ఫోన్ల సంగతి. పొద్దున లేస్తే వాట్సాప్‌లో ఒక ప్రవచనం. "ఈ వీడియో చూస్తున్న నీతోనే ప్రభువు మాట్లాడుతున్నాడు" అంటాడు, కింద క్యూఆర్ కోడు ఉంటుంది. విత్తన కానుక అని, పదకొండు వందలు విత్తితే లక్షా పదివేలు కోస్తావని. ఇదేదో కొత్త రోగం అనుకోకండి. మొదటి శతాబ్దం చివర, రెండో శతాబ్దం మొదట్లో, అపొస్తలుల కాలానికి బాగా దగ్గర్లో రాసిన దిదఖే అనే చిన్న పుస్తకం ఉంది. చాలాకాలం దొరకలేదు. బ్రియెన్నియోస్ అనే గ్రీకు బిషపు 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దాని రాతప్రతి పట్టుకుని, 1883లో అచ్చువేయించాడు. ఊరూరూ తిరిగే ప్రవక్తల్ని ఎలా గుర్తుపట్టాలో అందులో ఉంది, చదివితే మన గుణుపురం సంఘపెద్దలు కూర్చుని రాసినట్టే ఉంటుంది. వచ్చిన అపొస్తలుణ్ని ప్రభువులా చేర్చుకోండి. ఒకరోజు ఉండనివ్వండి, అవసరమైతే రెండోరోజు. మూడోరోజూ ఉంటే వాడు అబద్ధ ప్రవక్త. బయల్దేరేటప్పుడు దారికి రొట్టె ఇవ్వండి, డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మలో ఉండి భోజనం వడ్డించమని చెప్పినవాడు ఆ భోజనం తనే తింటే, వాడూ అంతే! [నవ్వులు] నవ్వండి గాని, రెండువేల ఏళ్ల కిందట కూడా కోడికూర వాసనకి ప్రవచనాలు వచ్చేవన్నమాట.

కానీ అదే పుస్తకంలో ఇంకో మాట కూడా ఉంది, అది నాకు ఎక్కువ ఇష్టం. లేనివాళ్లకోసం ఇమ్మని అడిగితే మాత్రం అతణ్ని ఎవరూ తీర్పు తీర్చకూడదు. చూశారా, డబ్బు మాట వినగానే వాడు దొంగ అనెయ్యలేదు. ఎవరికోసం అని అడిగారు. పల్చటి పూత కూడా చూశారు.

ఇప్పుడు చెప్పబోయేది నాకు సిగ్గు తెచ్చే సంగతి. చెప్పకపోతే మిగతాదంతా గొప్పలు చెప్పుకున్నట్టే అవుతుంది.

మా సంఘానికి ఒకామె వచ్చేది. ప్రతి ఆదివారం ఆలస్యంగా, వెనక వరసలో. దగ్గరికొస్తే ఇప్పసారా వాసన. కూర్చుని పెదాలు కదుపుతూ ఏడుస్తూ ఉండేది, పాట వచ్చినప్పుడు పాడేది కాదు. నేను సంఘపెద్దని. పైగా వాసన పట్టడంలో నాకు ల్యాబు గర్వం ఒకటి. రెండు నెలలు చూసి, ఒక ఆదివారం తలుపు దగ్గర ఆపి, "అమ్మా, తాగి మందిరంలోకి రాకూడదు, ఇవాళ బయట వేపచెట్టు కింద కూర్చుని విను" అన్నాను. కూర్చుంది. ఏమీ అనలేదు.

తరవాతి వారం మా పెద్దమ్మ వరసయ్యే ఒకావిడ నన్ను చెట్టుపక్కకి పిలిచింది. ఆవిడకి చదువు రాదు, వేలిముద్రే. "ఒరే, దాని మొగుడు శనివారం రాత్రి తాగొచ్చి కక్కుతాడు. అది తుడిచి, వాణ్ని కడిగి, పొద్దున్నే వస్తాది. దానికి ఇంకో సీర లేదురా. మైక్రోస్కోపులో సూసేవోడివి, నీకు అగుపళ్లేదా?" అంది.

సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయం నేను ఎన్నిసార్లు చదివానో. హన్నా పెదాలు కదులుతుంటే, ఏలీ మందిరం గుమ్మం దగ్గర కూర్చుని ఆమె తాగిందనుకున్నాడు. "ఎంతవరకు నీవు మత్తురాలవై యుందువు?" అన్నాడు. యాజకుడు, అనుభవజ్ఞుడు, దేవుని మందిరంలో కూర్చున్నవాడు, అప్పటికి ఇశ్రాయేలంతట్లో నిజంగా ప్రార్థన చేస్తున్న మనిషిని తాగుబోతు అన్నాడు. ఆ అధ్యాయం మీద నేనే ఒకసారి వాక్యం చెప్పాను కూడా.

ఆమెకి క్షమాపణ చెప్పడానికి నాకు ఇంకో మూడు వారాలు పట్టింది. పెద్దమ్మకి ఆ సంగతి ఎలా తెలిసింది? దర్శనం రాలేదు. శనివారం రాత్రి ఆ ఇంటికి వెళ్లి పక్కన కూర్చునేది, అంతే. వివేచన కావాలంటే ముందు ఆ ఇంటి గుమ్మం తొక్కాలి అని నాకు అప్పుడు బోధపడింది.

ఆశా దీదీలు వాడే మలేరియా కిట్టు మీ అందరికీ తెలుసు కదా, చుక్క రక్తం వేస్తే గీత వస్తుంది. ఫాల్సిపారం గీతకి ఒక గుణం ఉంది. మందు వేసి, క్రిమి చచ్చిపోయి, మనిషి కోలుకున్నాక కూడా కొన్ని వారాలు ఆ గీత వస్తూనే ఉంటుంది. క్రిమి పోయినా అది వదిలిన మిగులు రక్తంలో ఉంటుంది గనక. తెలియనివాడు చూస్తే ఇంకా జబ్బే అంటాడు. సంఘంలో కొందరు ఈ కిట్టులాంటివాళ్లు. పదేళ్ల కిందట పశ్చాత్తాపపడి వదిలేసిన దాన్ని పట్టుకుని ఇవాళ్టికీ గీత చూపిస్తారు.

దీనికి ఎదురుది కూడా ఉంది. ఒడిశాలో 2017 నుంచి దమన్ అనే మలేరియా నివారణ కార్యక్రమం కింద కొండ ఊళ్లలో జ్వరం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ అందరికీ పరీక్ష చేస్తున్నారు. ఎందుకంటే ఒంట్లో క్రిమి పెట్టుకుని, జ్వరం లేకుండా, పొలం పని చేసుకుంటూ తిరిగేవాళ్లున్నారు. వాళ్లకి ఏ బాధా లేదు, దోమ మాత్రం వాళ్లనించే తీసుకెళ్లి పక్కవాడికి ఇస్తుంది. నేను వేపచెట్టు కింద ఆమెని కూర్చోబెట్టిన రోజు నాకు ఏ జ్వరమూ లేదు. బ్రహ్మాండంగా ఆరాధన చేశాను.

నా లోపలి గాలి ఏదో నాకెలా తెలుస్తుంది అంటే, కాథలిక్ సోదరుల దగ్గర ఒక పాత అనుభవం ఉంది. ఇగ్నేషియస్ లొయోలా అని స్పెయిన్ సైనికుడు. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది, నెలలు మంచంమీద. వీరుల కథలు చదువుదామంటే ఇంట్లో లేవు, ఉన్నవి క్రీస్తు చరిత్ర, భక్తుల జీవితాలు. పడుకుని రెండు రకాల కలలు కనేవాడు. తను యుద్ధాలు గెలిచి ఒక గొప్పింటి ఆడమనిషిని మెప్పించినట్టు ఒకటి, భక్తుల్లా బతికినట్టు ఇంకొకటి. రెండూ కనేటప్పుడు బాగానే ఉండేవి. కానీ మొదటిది అయిపోయాక మనసు ఎండిపోయేది, రెండోది అయిపోయాక కూడా సంతోషం మిగిలేది. అది గమనించడం దగ్గరే ఆయన వివేచన మొదలైంది. ఆలోచన వచ్చినప్పటి రుచి కాదు, వెళ్లాక నోట్లో మిగిలిన రుచి చూడాలి. పచ్చి ఉసిరికాయ తిని నీళ్లు తాగితే తెలుస్తుంది, అలాగన్నమాట.

నేను చెప్పాల్సింది ఇంతే. ఎవరో చెయ్యెత్తారు. అడుగు నాయనా.

[ప్రశ్న: తిరుపూరులో పనుందని ఏజెంటు ఫోన్ చేశాడు. అడ్వాన్సు ఇస్తానంటున్నాడు, రేపు రాత్రే బయల్దేరాలంటున్నాడు. ఇది దేవుని చిత్తమా కాదా, ఎలా తెలుసుకోవాలి?]

నువ్వు వెళ్లాలో వద్దో నేను చెప్పను, చెప్పేవాణ్ని నమ్మకు కూడా. దాదన్‌కి, అంటే అడ్వాన్సు తీసుకుని వలసపనికి, వెళ్లి ఇల్లు కట్టుకున్నవాళ్లు మనలో ఉన్నారు, జీతం రాకుండా తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. ఒక్కటే అడుగుతాను, రేపు రాత్రే ఎందుకు? యెహోషువ 9లో గిబియోనువాళ్లు బూజుపట్టిన రొట్టెలు, చినిగిన చెప్పులు చూపించి, మేం చాలా దూరంనుంచి వచ్చాం, ఇప్పుడే నిబంధన చెయ్యండి అన్నారు. పెద్దలు రొట్టె పట్టి చూశారు, రుజువు కళ్లముందే ఉంది, దేవుణ్ని మాత్రం అడగలేదు. మూడు రోజులకి తెలిసింది వాళ్లు పక్క ఊరివాళ్లేనని. ఆ మూడు రోజులు ముందే ఆగి ఉంటే సరిపోయేది. ఏజెంటుకి ఫోన్ చేసి మూడు రోజులు కావాలను. ఈలోపు ఆ మిల్లులో పనిచేసి వచ్చినవాణ్ని ఒకణ్ని వెతుక్కుని మాట్లాడు, మీ అమ్మతో కలిసి ప్రార్థన చెయ్యి. ఆగనంటే, ఆగలేని ఆ తొందర ఎవరిదో కనుక్కో.

ఆ చివర అమ్మాయి. నువ్వు నర్సింగు చదువుతున్నావు కదూ?

[ప్రశ్న: అన్నయ్యగారూ, ఆ రాత్రి మందు వేశారు, తగ్గింది. మరి వరండాలో చేసిన ప్రార్థన వల్ల ఏం ఒరిగింది? అది లేకపోయినా బతికేది కదా?]

ముప్పయ్యేళ్లుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇది. బతికేదేమో, నాకు తెలీదమ్మా. ఆ సీజన్లో అదే మందుతో బతకనివాళ్లూ ఉన్నారు. తెలిసింది చెప్తాను. పెట్రోమాక్స్ వెలుతుర్లో స్లైడు పట్టుకుంటే నా చేతులు వణకలేదు, అవి మామూలుగా వణికే చేతులు. ఇంకొకటి. నేను బయటికొచ్చి "అయ్యా, మలేరియా" అన్నాక ఆ అయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత లోపలికొచ్చి "నేనూ చూడొచ్చా?" అని అడిగారు. చూపించాను. కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి, "ఇవా?" అన్నారు. ఆ నెలనించీ, జ్వరంతో ఎవరొచ్చినా తల మీద చెయ్యి పెట్టకముందు ఆయన అడిగే మొదటి మాట, "రక్తం చూపించారా?" ఒక్కోసారి ఆయనే సైకిలు మీద ఎక్కించుకుని తెచ్చేవారు. రాత్రి పదైనా సరే. తలుపు కొట్టి, "తమ్ముడూ, లే, నా వల్ల కానిది ఒకటి తెచ్చాను" అనేవారు.